తెలివి రక్తంలో వస్తుందా? వలస పిల్లల చదువు చెప్పే కథ

అమెరికాలో స్పెల్లింగ్ బీ పోటీ ముగిసిన మర్నాడు మన పత్రికల్లో ఏం వార్త వస్తుందో మీకు తెలుసు. మనవాళ్ళే గెలిచారు. 1985లో బాలు నటరాజన్ అనే భారత సంతతి కుర్రవాడు మొదటిసారి గెలిచినప్పుడు అది వింత. 1999లో నూపుర్ లాలా గెలిచాక ఆ వింత కాస్తా వాడుక అయిపోయింది. 2019లో ఎనిమిది మందిని ఉమ్మడి విజేతలుగా ప్రకటిస్తే అందులో ఏడుగురు మన సంతతి పిల్లలే.

గెలిచిన పిల్లలను మెచ్చుకోవాల్సిందే. ఆ కష్టం మామూలుది కాదు. నా పేచీ ఆ వార్త చదివాక మనం చేసే వ్యాఖ్యానంతో. మా హేతువాద మిత్రుల్లో ఒకాయన ఉన్నారు. జాతకం నమ్మరు, వాస్తు నమ్మరు, కూతురి పెళ్ళికి ముహూర్తం కూడా పెట్టించలేదు. అలాంటి మనిషి ఒకసారి టీ తాగుతూ "ఎంతైనా మన జీన్స్‌లో ఉందండీ, వేల ఏళ్ళ చదువు ఊరికే పోతుందా" అన్నారు. పక్కనున్న నలుగురూ తలలూపారు. బ్రహ్మ నుదుట రాశాడంటే నవ్వే మనం, అదే రాతను డి.ఎన్.ఏ.లో రాశాడంటే తలూపుతాం. కలం మారింది, నమ్మకం మారలేదు.

ఈ మాటకు చరిత్ర ఉంది. వలస వచ్చినవాళ్ళ పిల్లల్లో ఒక జాతి బాగా చదువుతుంది, ఇంకో జాతి వెనకబడుతుంది, దానికి కారణం వాళ్ళ పుట్టుకే అనే వాదం అమెరికాలో నూట పాతికేళ్ళుగా నడుస్తోంది. విచిత్రమేమిటంటే, ఆ వాదం ప్రతి తరంలోనూ వేరే జాతి మీద పడింది. ఒక తరంలో మొద్దులని తేల్చినవాళ్ళ మనవలే తరవాతి తరంలో మేధావులయ్యారు. ఆ కథ తెలుసుకుంటే మా మిత్రుడి జీన్స్ సంగతి కూడా తేలుతుంది.

1880ల నుంచి అమెరికాకు దక్షిణ ఇటలీ రైతులు, రష్యా సామ్రాజ్యం నుంచి యూదులు, పోలిష్ వాళ్ళు, హంగేరియన్లు లక్షల సంఖ్యలో ఓడలెక్కి వచ్చారు. 1900ల చివరికి పెద్ద నగరాల బడుల్లో సగానికి పైగా పిల్లలు వలస వచ్చినవాళ్ళ పిల్లలే. న్యూయార్కులోనైతే పదిమందిలో ఏడుగురు. వీళ్ళ సంగతి తేల్చడానికి ప్రభుత్వం డిల్లింగ్‌హామ్ కమిషన్ అని ఒకటి వేసింది. 1907లో మొదలుపెట్టి 1911లో 41 సంపుటాల నివేదిక ఇచ్చింది. అందులో అయిదు సంపుటాలు కేవలం బడిపిల్లల గురించి. తండ్రి ఏ దేశం వాడు, పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడు, వయసుకు తగ్గ తరగతిలో ఉన్నాడా లేక వెనక ఉండిపోయాడా అని పట్టికలు కట్టారు. వయసుకు రెండేళ్ళో అంతకు మించో వెనక ఉన్నవాళ్ళకు ఇంగ్లీషులో 'రిటార్డెడ్' అని పేరు పెట్టారు. అప్పటికి ఆ మాటకు తరగతిలో వెనకబడ్డవాడని మాత్రమే అర్థం. ఆ మాట మెల్లగా బుర్రలోపం కిందికి ఎలా జారిందో చూస్తే చాలు, సగం కథ అర్థమవుతుంది.

లియనార్డ్ ఏయర్స్ అనే ఆయన 1909లో న్యూయార్కు బడుల లెక్క తీసి ఒక పుస్తకం వేశాడు. తరగతిలో వెనకబడ్డవాళ్ళు జర్మన్ పిల్లల్లో 16 శాతం, అమెరికన్ల పిల్లల్లో 19 శాతం, ఇటాలియన్ పిల్లల్లో 36 శాతం. స్వదేశీ పిల్లల కన్నా జర్మన్ వలస పిల్లలే నయం అన్నమాట. రష్యా నుంచి వచ్చినవాళ్ళు, అంటే ఎక్కువగా యూదులు, మధ్యలో ఉన్నారు. వలస రావడం ఒక్కటే కారణమైతే అందరూ ఒకే చోట ఉండాలి కదా. లేరు. అంటే వెతకాల్సింది ఇంకేదో ఉంది. కొందరు దాన్ని ఇళ్ళల్లో, పనుల్లో, భాషలో వెతికారు. ఇంకొందరు పుర్రెలో వెతికారు.

పుర్రెలో వెతికినవాళ్ళ చేతికి అప్పుడే ఒక పనిముట్టు దొరికింది. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే 1905లో తెలివి పరీక్ష తయారుచేశాడు. బడిలో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి వాళ్ళకు అదనంగా పాఠం చెప్పడం ఆయన ఉద్దేశం. తెలివి పుట్టుకతో గీసిన గీత, దాన్ని దాటలేరు అనేవాళ్ళను ఆయన 1909 నాటి తన పుస్తకంలో గట్టిగా ఖండించాడు కూడా. 1911లో ఆయన పోయాడు. ఆ పరీక్ష అట్లాంటిక్ దాటి న్యూజెర్సీలోని వైన్‌లాండ్ బడిలో పనిచేసే హెన్రీ గొడ్డార్డ్ చేతిలో పడింది. ఇంగ్లీషుకు 'మోరాన్' అనే తిట్టు ఇచ్చిన మహానుభావుడు ఈయనే.

గొడ్డార్డ్ 1913లో తన దగ్గర పనిచేసే ఇద్దరు స్త్రీలను న్యూయార్కు రేవులోని ఎల్లిస్ దీవికి పంపాడు. ఓడ దిగి వరసలో నడుస్తున్నవాళ్ళను చూసి వీళ్ళు కొందర్ని ఎంచుకునేవారు. తరవాత దుబాసీ సాయంతో పరీక్ష. ఒక బొమ్మ చూపించి, దాచి, గుర్తున్నంతలో గీయమనేవారు. ఇవాళ తేదీ ఎంత అని అడిగేవారు. మూడు నిమిషాల్లో అరవై మాటలు చెప్పమనేవారు. ఆ మనిషి ఓడ అడుగు అంతస్తులో రోజుల తరబడి ప్రయాణం చేసి అప్పుడే నేల మీద కాలు పెట్టాడు. చాలామంది అంతవరకూ పెన్సిల్ పట్టి ఎరగరు. తనను లోపలికి రానిస్తారా, వెనక్కి పంపేస్తారా అని గుండె పీచుపీచుమంటూ ఉంటుంది. అప్పుడు తేదీ అడిగారు!

1917లో గొడ్డార్డ్ ఫలితాలు అచ్చువేశాడు. పరీక్షించిన యూదుల్లో 83 శాతం, హంగేరియన్లలో 80, ఇటాలియన్లలో 79, రష్యన్లలో 87 శాతం మందబుద్ధులని తేలింది. ఇక్కడ ఒక జాగ్రత్త. మన హేతువాద రచనల్లో కూడా 'యూదుల్లో 83 శాతం మందబుద్ధులని గొడ్డార్డ్ అన్నాడు' అని రాసేస్తుంటారు. అది సరికాదు. బాగా చురుగ్గా కనిపించినవాళ్ళనూ, చూడగానే లోపం తెలిసిపోయేవాళ్ళనూ ముందే తీసేసి మిగిలినవాళ్ళలో నుంచి ఆయన నమూనా ఎంచుకున్నాడు. యూదులు 35 మంది, హంగేరియన్లు 22, ఇటాలియన్లు 50, రష్యన్లు 45. మొత్తం వలసదారుల మీద తీర్పు చెప్పలేనని తనే రాశాడు. పైగా ఇది పుట్టుక వల్ల కాక పేదరికం వల్ల కావచ్చునని కూడా ఒప్పుకున్నాడు. ఎదుటివాళ్ళ అబద్ధాన్ని ఖండించేటప్పుడు మనం అతిశయోక్తి చెప్పకూడదు. అయినా ఆయన ఒప్పుకోళ్ళు రేవులో ఎవరికీ అక్కరకు రాలేదు. మందబుద్ధి అనే కారణం మీద వెనక్కి పంపినవాళ్ళ సంఖ్య అంతకు ముందు అయిదేళ్ళ సగటు కన్నా 1913లో 350 శాతం, 1914లో 570 శాతం పెరిగిందని ఆయనే సంతృప్తిగా రాసుకున్నాడు. ఆ శాతాల్లో ఉన్నవాళ్ళు ఇల్లూ పొలమూ అమ్ముకుని టిక్కెట్టు కొనుక్కున్న మనుషులు.

తరవాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. రాబర్ట్ యెర్కీస్ నాయకత్వంలో పదిహేడు లక్షల మందికి పైగా సైనికులకు తెలివి పరీక్ష పెట్టారు. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళకు ఆల్ఫా, చదవలేనివాళ్ళకు బొమ్మలతో బీటా. ఆల్ఫాలో ఒక ప్రశ్న ఏమిటంటే, ఫలానా బేస్‌బాల్ ఆటగాడు రచయితా, చిత్రకారుడా, ఆటగాడా, హాస్యనటుడా? ఇంకోటి, క్రిస్కో అనేది మందా, పళ్ళపొడా, తినే వస్తువా? క్రిస్కో అంటే అక్కడ అమ్మే ఒక వంటకొవ్వు, మన డాల్డా లాంటిది. బీటాలో టెన్నిస్ కోర్టు బొమ్మ వేసి వల తీసేసి, ఏం లేదో గీయమన్నారు. గ్రామఫోన్‌కు గొట్టం తీసేశారు. సిసిలీలో మేకలు కాసుకుని వచ్చినవాడికి టెన్నిస్ వల తెలియకపోతే వాడి బుర్ర వయసు తక్కువట. మా ఊరి పాలేరుకు క్రికెట్లో 'గల్లీ' ఎక్కడుంటుందో అడిగి, తెలియదంటే మొద్దని రాసుకున్నట్టుంది.

ఈ లెక్కలన్నీ తీసుకుని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ బ్రిగమ్ 1923లో పుస్తకం రాశాడు. ఉత్తర ఐరోపా వాళ్ళు పైన, దక్షిణ, తూర్పు ఐరోపా వాళ్ళు కింద, నల్లవాళ్ళు అట్టడుగున. ఆ పుస్తకంలోనే ఒక పట్టిక ఉంది, నాకు అది మొత్తం చరిత్రలోకీ గొప్ప పాఠంగా కనిపిస్తుంది. వలస వచ్చి ఎన్నేళ్ళయిందో దాన్నిబట్టి మార్కులు విడదీశాడు. అయిదేళ్ళ లోపు వచ్చినవాళ్ళకు అన్నిటికన్నా తక్కువ. పదేళ్ళు, పదిహేనేళ్ళు గడిచినకొద్దీ మార్కులు పెరుగుతూ పోయాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నవాళ్ళు అక్కడే పుట్టినవాళ్ళతో దాదాపు సమానం. మీరూ నేనూ అయితే ఏమంటాం? ఈ పరీక్ష కొలిచేది పుట్టుకను కాదు, అమెరికాలో ఉన్న కాలాన్ని అంటాం. బ్రిగమ్ ఏమన్నాడో తెలుసా? ఇరవై ఏళ్ళ క్రితం వచ్చినవాళ్ళు మంచి రక్తం, ఈ మధ్య వస్తున్నవాళ్ళు చెడ్డ రక్తం, వలసదారుల నాణ్యత ఏటేటా దిగజారుతోంది అన్నాడు. జాతకం తప్పితే పుట్టిన సమయం తప్పుగా రాశారనే జ్యోతిష్కుడికీ ఈయనకూ తేడా ఏముంది?

అయితే ఒక మాట చెప్పాలి. 1930లో ఇదే బ్రిగమ్ ఒక శాస్త్ర పత్రికలో వ్యాసం రాసి, భిన్న భాషల వాళ్ళను ఇలాంటి పరీక్షలతో పోల్చడం కుదరదనీ, తన పాత పుస్తకానికి పునాదే లేదనీ ఒప్పుకున్నాడు. ఏ స్వామీజీ ఇలా ఒప్పుకున్న దాఖలా నాకు తెలియదు. శాస్త్రం గొప్పదనం అక్కడ ఉంది. కానీ ఆయన ఒప్పుకునే లోపల 1924 చట్టం వచ్చేసింది. 1890 జనాభా లెక్కల్లో ఏ దేశం వాళ్ళు ఎందరున్నారో దానిలో రెండు శాతం చొప్పున మాత్రమే ఏటా రానిస్తామన్నారు. 1890 ఎందుకంటే, ఇటాలియన్లూ యూదులూ గుంపులుగా రాకముందు సంవత్సరం కనుక. తెలివి పరీక్షల వల్లే ఆ చట్టం వచ్చిందని కొందరు రాస్తారు. దాని మీద చరిత్రకారుల్లో వాదం ఉంది. పరీక్షలు లేకపోయినా అది వచ్చేదేనని నాకనిపిస్తుంది. ద్వేషానికి లెక్కలు కారణం కావు, అలంకారం. ఆసియా వాళ్ళనైతే అంతకుముందే, 1917లోనే, చాలావరకు ఆపేశారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారని చెప్పింది. చిత్రమేమంటే థింద్ తరఫు వాదన కూడా నేను ఆర్యుణ్ణి, పై కులం వాణ్ణి అనే సాగింది. కోర్టు దాన్ని ఖాతరు చేయలేదు.

బ్రిగమ్ పుస్తకం రాస్తున్న ఆ సంవత్సరాల్లోనే హార్వర్డ్ విశ్వవిద్యాలయం తల పట్టుకుని కూర్చుంది. కొత్తగా చేరేవాళ్ళలో అయిదో వంతు యూదులే అయిపోయారు. వాళ్ళ సంఖ్యకు పరిమితి పెట్టాలని అధ్యక్షుడు లోవెల్ 1922లో ప్రతిపాదించాడు. ఒకే దేశం, ఒకే జాతి, ఒకే సమయం. పుస్తకంలో వాళ్ళు మొద్దులు, హార్వర్డ్ గుమ్మం దగ్గర మరీ తెలివైనవాళ్ళు!

మరి యూదుల పిల్లలు ఎందుకు పైకి వచ్చారు, ఇటాలియన్ పిల్లలు ఎందుకు వెనకబడ్డారు? రక్తం కాదంటే వెంటనే 'సంస్కృతి' అంటారు. యూదులది గ్రంథ సంస్కృతి, తాల్ముద్ చదివినవాళ్ళు అని. స్టీఫెన్ స్టైన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1981లో ఈ మాట మీద కూడా చల్లగా నీళ్ళు పోశాడు. 1899-1910 మధ్య వచ్చిన యూదుల్లో వృత్తి చెప్పినవాళ్ళలో మూడింట రెండు వంతులు చేతిపని తెలిసినవాళ్ళు. దర్జీలు, వడ్రంగులు, నగల పనివాళ్ళు. పట్టణాల్లో బతికినవాళ్ళు. న్యూయార్కులో అప్పుడే బట్టల పరిశ్రమ పుంజుకుంటోంది. దక్షిణ ఇటలీ వాళ్ళలో అలాంటి వృత్తి ఉన్నది ఆరో వంతు కూడా లేదు. వచ్చినవాళ్ళలో సగానికి పైగా నిరక్షరాస్యులు. యూదుల్లో నాలుగో వంతు. ముందు తండ్రి నిలదొక్కుకున్నాడు, తరవాత కొడుకు కాలేజీకి వెళ్ళాడు అంటాడు స్టైన్‌బర్గ్. ఇందులో కొంత అతి ఉందని నా అభిప్రాయం. ప్రావిడెన్స్ నగరంలో 1880 నుంచి 1935 దాకా బడి రికార్డులు తిరగేసిన జోయెల్ పెర్ల్‌మాన్, తండ్రి ఉద్యోగం, ఆదాయం తీసేసి చూసినా యూదుల పిల్లల ఆధిక్యం కొంత మిగిలిందని 1988లో చూపించాడు. కాబట్టి ఇంటి అలవాటు అనేది అసలు లేదనలేం. కానీ అది ఆకాశం నుంచి ఊడిపడదు.

దీనికి లియనార్డ్ కొవెల్లో కథ చూడండి. దక్షిణ ఇటలీలో పుట్టి చిన్నప్పుడే న్యూయార్కు వచ్చాడు. అసలు ఇంటిపేరు కొవియెల్లో. పలకడం కష్టమని టీచరు ఒక అక్షరం తీసేసింది. 1934 నుంచి 1956 దాకా తూర్పు హార్లెమ్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. ఇటాలియన్ పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారని ఏళ్ళ తరబడి పరిశోధించి పెద్ద గ్రంథం రాశాడు. దక్షిణ ఇటలీ రైతుకు బడి అంటే దొరల వస్తువు. అక్కడ చదువుకుని రైతు కొడుకు దొర అయిన దాఖలా లేదు. పన్నెండేళ్ళ కొడుకు పొలంలో దిగితే ఇంట్లో రొట్టె వస్తుంది, బడికి పోతే రాదు. న్యూయార్కు వచ్చాక కూడా చట్టం బలవంతం చేసి పిల్లవాణ్ణి లాక్కుపోతుంటే, ఆ తండ్రికి అది దొంగతనంలా తోచింది. ఈ మాటలు మన ఊళ్ళల్లో విననివి కావు. "మా వాడు చదివి కలెక్టరవుతాడా" అన్న కూలి తండ్రిని మనలో ప్రతి టీచరూ చూశాడు. అది సంస్కృతి కాదు, అనుభవం నేర్పిన లెక్క. అనుభవం మారితే లెక్క మారుతుంది. యుద్ధం తరవాత పుట్టిన ఇటాలియన్ అమెరికన్లు కాలేజీ చదువుల్లో జాతీయ సగటును అందుకున్నారు. రక్తం అదే.

ఇక మన సంగతి. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం కింద కూర్చుని కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. దేశాల వారీ పాత కోటాలు పోయాయి. అమెరికాలో బంధువులున్నవాళ్ళకూ, చదువూ నైపుణ్యమూ ఉన్నవాళ్ళకూ ప్రాధాన్యం ఇచ్చారు. మనవాళ్ళకు అక్కడ బంధువులెవరూ లేరు కనుక మొదట తెరుచుకుంది చదువు తలుపే. ఆ ఏడాదే అక్కడ వృద్ధుల వైద్య బీమా చట్టం వచ్చి డాక్టర్ల అవసరం పెరిగింది. గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల నుంచి డాక్టర్లు వెళ్ళారు. ఇంజనీర్లు వెళ్ళారు. 1971 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత పాతిక శాతం లోపు. నలుగురిలో ముగ్గురికి సంతకం రాని రాష్ట్రం నుంచి విమానమెక్కినవాడు డాక్టరు. 1990లో హెచ్-1బి వీసా వచ్చాక సాఫ్ట్‌వేర్ వాళ్ళు వెళ్ళారు. 2010-2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారు.

అమెరికాలో ఉన్న భారత సంతతి పెద్దవాళ్ళలో నూటికి డెబ్బై అయిదుగురు దాకా పట్టభద్రులు. 2011 లెక్కల్లో మన దేశ జనాభాలో పట్టభద్రులు నూటికి పదిమంది కూడా లేరు. మొత్తం అమెరికన్లలోనే ఆ సంఖ్య మూడో వంతుకు కాస్త పైన. అంటే అక్కడికి చేరింది భారతదేశం కాదు, భారతదేశాన్ని మూడుసార్లు జల్లెడ పట్టగా మిగిలిన పిండి. 2017లో సంజయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ రాసిన పుస్తకం సరిగ్గా ఈ మూడు జల్లెళ్ళ గురించే. కులం, వర్గం బట్టి కాలేజీ దాకా ఎవరు చేరారనేది ఒకటి. ప్రవేశ పరీక్ష ఒకటి. వీసా ఒకటి. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తరఫున జరిగిన సర్వేలో అక్కడి భారతీయుల్లో దళితులు, అట్టడుగు కులాల వాళ్ళు ఒకటిన్నర శాతం మాత్రమే. మన జనాభాలో దళితులే పదహారు శాతం.

ఇద్దరు పట్టభద్రులకు పుట్టిన బిడ్డ, ఇంట్లో పుస్తకాలున్న బిడ్డ, మంచి బడి ఉన్న పేటలో ఇల్లు కొనుక్కోగలిగినవాళ్ళ బిడ్డ బాగా చదవడం వింతా? స్పెల్లింగ్ బీ సంగతి కూడా ఇంతే. మన తెలుగువాడే రత్నం చిట్టూరి 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్ స్థాపించారు. ఇండియాలో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పుల కోసం డబ్బు పోగుచేయడానికి భారత సంతతి పిల్లలకు పోటీలు పెట్టడం మొదలుపెట్టారు. దేశమంతటా శాఖలు, ఏటా పోటీలు. అసలు పోటీకి ముందే మన పిల్లలకు ఇంకో పోటీల వ్యవస్థ దొరికింది. దీన్ని జీన్స్ అంటే ఆ సంస్థలో ఏళ్ళ తరబడి శని ఆదివారాలు వెచ్చించిన స్వచ్ఛంద కార్యకర్తలకు అవమానం. అన్నట్టు 1985లో బాలు నటరాజన్‌ను గెలిపించిన మాట 'మిల్యూ'. దాని అర్థం పరిసరాలు, చుట్టూ ఉన్న వాతావరణం.

ఇప్పుడు మా మిత్రుడికి నేను వేసిన ప్రశ్న. రక్తమే అయితే, రంగం వెళ్ళిన రక్తం సంగతేమిటి? రంగం అంటే రంగూన్. మన ముత్తాతల కాలంలో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి లక్షల మంది అక్కడికి రేవు కూలీలుగా, బియ్యం మిల్లు కూలీలుగా, రిక్షా లాగేవాళ్ళుగా వెళ్ళారు. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర పైనే. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళను 'కొరంగీలు' అనేవారు. అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు. తెలుగువాడంటే మూటలు మోసేవాడు, అంతే. 1930 మేలో రేవు కూలీల సమ్మె వ్యవహారం అల్లర్లుగా మారి వందకు పైగా మనవాళ్ళు చనిపోయారు. ఆ రంగం వాసి ఎవరైనా తెలుగువాడి రక్తంలో చదువుందంటే నవ్వేవాడు. అదే గోదావరి జిల్లా, అదే తెలుగు. మారింది జల్లెడ.

మలయా కూడా అంతే. రబ్బరు తోటలకు కంగాణీల వెంట తమిళులు, తెలుగువాళ్ళు వెళ్ళారు. ఫెడరేటెడ్ మలయా రాష్ట్రాల్లో 1923 కార్మిక చట్టం ప్రకారం బడి ఈడు పిల్లలు పదిమందికి మించితే తోట యజమాని బడి పెట్టాలి. పెట్టారు. పాఠం చెప్పింది చాలాచోట్ల తోట గుమాస్తా, లేదా కాస్త చదువొచ్చిన కంగాణీ. చదువు అయిదారు తరగతుల దాకా. తరవాత మళ్ళీ తోటే. రబ్బరు పాలు తీసేవాడి కొడుకు రబ్బరు పాలు తీయడానికి ఎంత చదువు కావాలో అంతే పెట్టారు. దశాబ్దాల తరవాత భారతీయులు చదువులో వెనకబడ్డారని అక్కడ చర్చ. మారిషస్‌లో అలాంటి కూలీల సంతానమే. 1977లో ప్రభుత్వం హైస్కూలు చదువు ఉచితం చేసింది. అక్కడి చర్చ వేరే దారి పట్టింది.

సమకాలంలో కావాలంటే లండన్ చూడండి. టవర్ హామ్లెట్స్ అనే పేటలో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన పేదలు ఎక్కువ. 1997లో దేశంలోని విద్యాశాఖ ప్రాంతాలన్నిటిలో అది ఆఖరిది. పదహారేళ్ళ పరీక్షలో అయిదు సబ్జెక్టుల్లో మంచి గ్రేడు వచ్చినవాళ్ళు 26 శాతం, దేశ సగటు 43. బంగ్లాదేశీల మతం, పల్లెటూరి సంస్కృతి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు అని అప్పట్లో చాలా కారణాలు చెప్పారు. బడులకు డబ్బు పెట్టారు, టీచర్లను నిలబెట్టుకున్నారు, తల్లిదండ్రులతో సిల్హెటీలో మాట్లాడే మనుషుల్ని పెట్టారు. పదిహేనేళ్ళలో ఆ పేట దేశ సగటు దాటింది. ఇప్పుడు ఇంగ్లండులో బంగ్లాదేశీ పిల్లల సగటు మార్కులు తెల్లపిల్లల సగటు కన్నా ఎక్కువ. పదిహేనేళ్ళలో జీన్స్ మారవు. మతమూ మారలేదు.

ఇక్కడ నాకు నచ్చని ఆధారం కూడా చెప్పాలి, లేకపోతే మనకూ బ్రిగమ్‌కూ తేడా ఉండదు. మార్గరెట్ గిబ్సన్ అనే మానవ శాస్త్రవేత్త 1988లో కాలిఫోర్నియాలోని పంజాబీ సిక్కుల పిల్లల గురించి రాసింది. తల్లిదండ్రులు చాలామంది పొలం పనివాళ్ళు, ఇంగ్లీషు సరిగా రాదు, బడిలో తెల్లపిల్లలు వేధించేవారు. అయినా ఆ పిల్లలు ఊహించినదాని కన్నా బాగా చదివారు. కాబట్టి తల్లిదండ్రుల డిగ్రీయే సర్వమూ కాదు. ఇల్లు, గురుద్వారా, బంధువులు, తిరిగి వెళ్ళడానికి లేని పట్టుదల కూడా పనిచేస్తాయి. జాన్ ఒగ్బు అనే నైజీరియా మానవ శాస్త్రవేత్త దీన్ని ఇంకోలా చెప్పాడు. తనంత తాను వలస వచ్చినవాడు అవమానాన్ని దారిఖర్చు అనుకుంటాడు. బలవంతంగా తెచ్చినవాడు, పుట్టుకతో అట్టడుగున ఉంచబడ్డవాడు అలా అనుకోలేడు. చదివినా ఫలితం రాదని అతనికి తరతరాల అనుభవం. ఒగ్బు 1978లో రాసిన పుస్తకం పేరులోనే 'కులం' ఉంది. అమెరికా నల్లవాళ్ళను జపాన్ బురాకు వాళ్ళతో, మన దళితులతో పక్కపక్కన పెట్టి చూశాడు.

మా మిత్రుడి మాట నన్ను గుచ్చింది అందుకే. 'మన జీన్స్' అన్నప్పుడు ఆ 'మన'లో ఎవరున్నారు? అక్కడ స్పెల్లింగ్ బీ గెలిచిన పిల్లవాడి పేరు చెప్పి ఇక్కడ రిజర్వేషన్ పిల్లవాణ్ణి తక్కువ చేయడం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. 1966లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆదివారం అనుబంధంలో విలియం పీటర్సన్ జపనీయుల విజయగాథ రాశాడు. ఆ వాదాన్ని నల్లవాళ్ళను సాధించడానికే ఎక్కువ వాడారు. మనం ఆ వ్యాసాన్ని చదవకుండానే బట్టీ పట్టాం.

జెన్నిఫర్ లీ, మిన్ జో 2015లో వేసిన పుస్తకంలో ఒక చిన్న తిరకాసు పెట్టారు. ఎవరు ఎక్కడికి చేరారని కాక, ఎక్కడ మొదలుపెట్టి ఎంత దూరం వచ్చారని కొలవమన్నారు. అలా కొలిస్తే లాస్ ఏంజెలెస్‌లో ఎక్కువ దూరం వచ్చినవాళ్ళు చైనీయుల పిల్లలు కాదు, మెక్సికన్ల పిల్లలు. తల్లిదండ్రులు హైస్కూలు ముఖం చూడని ఇళ్ళ నుంచి వాళ్ళు కాలేజీ దాకా వచ్చారు. డాక్టరు కొడుకు డాక్టరైతే కదిలిన దూరం సున్నా.

ఈ కొలత మన దగ్గర వాడితే ఎలా ఉంటుందో చూడాలనుంటే హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీలకు వెళ్ళండి. పశ్చిమ ఒరిస్సాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని పంటలయ్యాక వస్తాయి, వానలకు ముందు వెళ్ళిపోతాయి. బడి ఏడాది జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. అంటే పిల్లవాడు అక్కడ బడిలో చేరి మధ్యలో పోతాడు, ఇక్కడ మధ్యలో వచ్చి తెలుగు పుస్తకం ముందు కూర్చుంటాడు. కొన్ని బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలు, ఒడియా టీచర్లతో పని స్థలంలోనే బడులు నడిపారు. అవి ఉన్నచోట పిల్లలు తమ తరగతి పాఠాలే చదువుకోగలిగారు. లేనిచోట తొమ్మిదేళ్ళ పిల్ల ఒకటో తరగతి వెనక బల్ల మీద కూర్చుంటుంది. ఏయర్స్ తన 1909 పట్టికలో అలాంటి పిల్లలను ఏ గడిలో వేశాడో పైన చెప్పాను. పోయిన నెల మా మిత్రుణ్ణి అలాంటి ఒక బట్టీకి రమ్మన్నాను. వస్తానన్నారు. ఇంకా రాలేదు.